చెప్పకుండా వెళ్ళే షాటు

"వెళ్ళొస్తానండి," అనేసి, గుమ్మం దాటాక నాలిక కరుచుకున్నాడు పోతురాజు. షాటు మళ్ళీ పోయింది.

"మళ్ళీ అనేశారు మాస్టారూ," అంది కుర్చీలో ఉన్న గీతిక. కెమెరా వెనక కాలేజీ కుర్రాడు దుర్గాసాయి నవ్వాపుకోలేక వంగిపోయాడు.

"పాతికేళ్ళుగా పెళ్ళిళ్ళకి తిరిగిన నోరమ్మా ఇది. ఊరుకోమంటే ఊరుకుంటదా?"

నరసాపురంలో పెళ్ళి వీడియో అంటే పోతురాజే. నిమిషం నిడివిలో దెయ్యం సినిమా తీయడం పిల్లలకి నేర్పమని కాలేజీవాళ్ళు పిలిస్తే, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. పిల్లలు తెచ్చుకున్న తెల్లచీర, గజ్జెలు, సాంబ్రాణి మూటగట్టించి మూల పడేయించాడు.

"దెయ్యం కనపడితే భయం సగం చచ్చిపోద్ది. రోజూ ఇంట్లో జరిగేది ఒక్కటి జరక్కుండా ఆపండి, చాలు."

ఆయన చెప్పిన కథ చిన్నది. ఒకావిడ ఇంటికి చుట్టం వస్తాడు; ఆవిడగా గీతిక, చుట్టంగా ఆయనే. ఆవిడ మంచినీళ్ళు పెడుతుంది. అతను ముట్టుకోడు. కాసేపు కూర్చుని, వెళ్ళొస్తానని మాటైనా చెప్పకుండా లేచి వెళ్ళిపోతాడు. మనిషి అలా చెప్పకుండా వెళ్ళేది చావింటి నుంచే కదా. పోయింది తనేనని ఆవిడకి అప్పుడు తెలుస్తుంది.

షూటింగుకి ఇల్లిచ్చిన సంపూర్ణమ్మకి ఇది మింగుడుపడలేదు. "నిక్షేపంలాంటి ఇంట్లోంచి అలా చెప్పకుండా వెళ్ళిపోతే ఎలాగయ్యా?" అంది లేసు అల్లుతూ.

"షాటవ్వగానే లోపలికొచ్చి, మీకు చెప్పే వెళ్తానండి."

ఛాతీ రుద్దుకున్నాడు. పొద్దుటి పెసరట్టు అరగలేదనుకున్నాడు.

ఆయన తీసిన క్యాసెట్లు ఊళ్ళో సగం బీరువాల్లో ఉన్నాయి. ఒక్కటీ తిన్నగా చూసినవాళ్ళు లేరు. తమ మొహం వచ్చేదాకా ముందుకు తిప్పేస్తారు; పెళ్ళికూతురి తండ్రి కన్నీళ్ళూ అందులోనే గిర్రున తిరిగిపోతాయి. ఎవరూ ముందుకు తిప్పలేని నిమిషం ఒకటి తీయాలని ఆయన కోరిక. ఇవాళ అది అందేలాగే ఉంది.

దుర్గాసాయి చెయ్యెత్తాడు. పోతురాజు వచ్చి కూర్చున్నాడు. నిజంగానే దాహంగా ఉంది, అయినా స్టూలు మీది గ్లాసు ముట్టుకోలేదు. గీతిక మొహం మీదుగా వెనక గోడకేసి చూశాడు, అక్కడెవరూ లేనట్టే. కండువా సర్దుకుని లేచాడు. గుమ్మం దగ్గర పెదవి కదిలింది. మాట మింగేసి బయటికి నడిచాడు. ఆ గుమ్మంకేసి గీతిక చూసిన చూపుకి సంపూర్ణమ్మ చేతిలో సూది ఆగిపోయింది.

అరుగు మీద స్తంభానికి జారబడి, లోపల పిల్లల చప్పట్లు విన్నాడు పోతురాజు. పడింది షాటు, అనుకున్నాడు. కాస్త ఊపిరి తీసుకుని, వెళ్ళి సంపూర్ణమ్మగారికి చెప్పాలి.

"ఏవయ్యా, చెప్పి వెళ్తానన్నావుగా," అని సంపూర్ణమ్మ లోపల్నించి పిలిచింది. బయటికొచ్చి చూసి, పిల్లల్ని కేకేసింది.

పోతురాజు దినకార్యం అయ్యాక కాలేజీలో ఆ క్యాసెట్ వేశారు. రిమోటు దుర్గాసాయి చేతిలోనే ఉంది. ముందుకు తిప్పమని ఎవరూ అనలేదు. చుట్టం లేచి వెళ్ళిపోయాక తెరమీద మిగిలింది స్టూలు, దానిమీద గ్లాసు, అంచుదాకా నీళ్ళు.