గోళ్ళరంగు గుర్తు

"రోజీ! టీ పెట్టవే, ముగ్గురం ఉన్నాం!"

విజయరత్నం వంటింటి వైపు తిరిగి కేకేశాడు. అతని భార్య రోజలిన్ వంటింట్లో లేదు. సరిగ్గా అతని చెప్పుల కింద, మెకానిక్ షెడ్డు గోతిలో, పికప్ బండి పొట్ట కింద నిలబడి ఉంది. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసే గొంతెత్తి మరీ వంటింటిని పిలిచాడు. అవతల బెంచీ మీద బండి యజమాని రాము, అతని తల్లి గంగాలమ్మ కూర్చుని ఉన్నారు. వాళ్ళకి తెలియకూడదు కదా మరి!

నాలుగు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండి అది. హార్బర్ నుంచి పూర్ణా మార్కెట్‌కి చేపలు మోసీ మోసీ, ఉప్పునీళ్ళకి అడుగున ఇనుమంతా పొరలు లేచిపోయింది. ముందు చక్రాల్ని తిప్పే స్టీరింగ్ ర్యాకు కారిపోతుంటే రెండు నెలలుగా రాము రోజూ నూనె పోసుకుని నడుపుకుంటున్నాడు. పొద్దున అతను బండి అప్పగించి వెళ్ళగానే రోజలిన్ గోతిలోకి దిగింది. స్టీరింగు కదలకుండా చున్నీతో సీటుకి కట్టేసింది. చక్రాల దగ్గరి కడ్డీలు ఎన్ని చుట్లకి ఊడాయో లెక్క గుర్తుపెట్టుకుని, పాత ర్యాకు దింపి కొత్తది ఎక్కించి, మళ్ళీ అన్ని చుట్లే తిప్పింది. పైపులు బిగించింది, నూనె పోసింది. ఇక మిగిలింది ఒక్క బోల్టు. పైనుంచి దిగే స్టీరింగు కడ్డీని ర్యాకుతో కలిపే జాయింటు బోల్టు. చేత్తో రెండు చుట్లు తిప్పి స్పానరు అందుకుంటుంటే ఈ కేక.

స్పానరు అక్కడే పెట్టేసి వెళ్ళింది. పిలిస్తే వెళ్ళడమనేది ఆలోచించి చేసే పని కాకుండా పోయి చాలా కాలమైంది.

గోతి వెనక మెట్లెక్కితే నేరుగా పెరటి కుళాయి. బట్టల సబ్బుతో మోచేతుల దాకా తోముకుని, మాసిన చొక్కా విప్పి నైటీ మీద తువ్వాలు వేసుకుని, వంటింట్లోంచి ఇల్లాలిలా బయటికి రావాలి. రెండేళ్ళుగా ఇదే నాటకం. జాకీ జారి అతని కుడిభుజం నలిగిన నాటి నుంచి. ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజే అత్తగారు తేల్చేసింది: "ఆడి సెయ్యి పోనాదని ఊరంతా సెప్పుకుంటావేటి? నీకు సేతుల్నేవా?" ఉన్నాయి. తండ్రి దగ్గర పెళ్ళికి ముందే నేర్చుకున్న చేతులు. అందుకే బండ్లు ఆగలేదు, ఇల్లూ ఆగలేదు. లోపల పని చేసేదెవరని ఎవరైనా అడిగితే విజయరత్నం నవ్వి, "నా మడిసొకడున్నాడులే. సిగ్గరి, బయటికి రాడు" అనేవాడు. మొన్న ఆదివారం పాస్టరుగారు వాళ్ళింటికొచ్చి, "ప్రభువా, నీ దాసుడు విజయరత్నం హస్తాలను దీవించు" అని ప్రార్థన చేస్తే అందరికంటే ముందు ఆమెన్ అన్నది రోజలినే. గోళ్ళ సందుల్లో గ్రీజు పెట్టుకుని. కోపం వచ్చిందా అంటే, రాలేదు. మొదటి ఏడాది వచ్చేది. కుళాయి దగ్గర ఏడుపు కూడా వచ్చేది. ఇప్పుడు ఆ చోట ఏమీ లేదు. చెయ్యి తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదే, అట్లా ఉంది లోపల.

టీ పొంగుతోంది. షెడ్డులో ఇంజను చప్పుడైంది. కొత్త ర్యాకులో గాలి పోవడానికి విజయరత్నం స్టీరింగు అటూ ఇటూ పూర్తిగా తిప్పుతున్నాడు. ఎడం చేత్తో ఆ మాత్రం చేయగలడు. చక్కెర వేసింది. జాకీ దింపుతున్న శబ్దం వినిపించింది. మూడు గ్లాసులు వరసగా పెట్టి వడగట్టింది. మూడోది సగం నిండాక ఆమె చెయ్యి ఆగింది.

జాయింటు బోల్టు.

బిగించిన ప్రతి బోల్టు మీదా ఎర్ర గోళ్ళరంగు చుక్క పెట్టడం ఆమె పద్ధతి. ఆ రంగు తన గోళ్ళకి వేసుకున్నది లేదు. పెళ్ళైన కొత్తలో ఒకసారి వేసుకోబోతే, "ఎవులు సూడాలని?" అన్నాడు. చుక్క లేని బోల్టుంటే బండి కదపకూడదని ఇద్దరికీ ఒప్పందం. వంగి ఒక్క క్షణం టార్చి వేసి ఉంటే కనిపించేది. వంగలేదు మహానుభావుడు!

ట్రేతో బయటికొచ్చేసరికి రాము స్టీరింగు ముందు కూర్చున్నాడు. పక్కన గంగాలమ్మ ఒళ్ళో అతని ఏడాది పాప.

"నీ సెయ్యి పడితే బండి మాటింటాది బావా! పాపకి పుట్టెంటికలు తియ్యాలి. ఇంటికెల్లి అందర్నీ ఎక్కించుకుని సింహాచలం కొండెక్కెయ్యడమే."

అందరూ అంటే పదిమంది. ఘాట్ రోడ్డు. మలుపులో ఆ బోల్టు ఊడితే రాము చేతిలో స్టీరింగు ఉత్తినే తిరుగుతుంది, బండి తిరగదు.

రోజలిన్ భర్త పక్కకి వెళ్ళి గొంతు తగ్గించింది. "జాయింటు బోల్టు బిగించనేదు. చేత్తో పెట్టీసొచ్చీసేను."

అతని ముఖం ఒక్కసారి పాలిపోయింది. రాము వైపు చూశాడు. తర్వాత పెదవులు కదపకుండా అన్నాడు. "ఊరుకో. రెండు సుట్లెక్కింది కదా, ఆగుద్ది. సాయంత్రం రప్పించి సూద్దాం. ఇప్పుడు గోతిలోకెవులు దిగుతారు, ఈళ్ళ ముందు?"

ఈళ్ళ ముందు. ఆ పాప ముందు కూడా. తన పరువుకీ పదిమంది ప్రాణాలకీ మధ్య ఇతనికి లెక్క ఇంత తేలికగా తేలిందా అని రోజలిన్‌కి అప్పుడు కూడా ఆశ్చర్యం కలగలేదు. చెయ్యి మాత్రం కదిలింది. ట్రే బానెట్ మీద పెట్టింది. కిటికీలోంచి చెయ్యి చాపి ఇంజను ఆపి తాళం తీసేసింది.

"ఏటక్కా?" అన్నాడు రాము.

"దిగు తమ్ముడూ. అమ్మా, పాపనెత్తుకుని దిగండి. స్టీరింగు బోల్టొకటి బిగించనేదు."

"దానికేటి తెలుసు బావా! టీ పెట్టుకునే మడిసి..." విజయరత్నం నవ్వబోయాడు.

రోజలిన్ ఈసారి వెనక మెట్ల వైపు వెళ్ళలేదు. అందరూ చూస్తుండగా, నైటీతోనే, ముందు వైపు నుంచి గోతిలోకి దిగింది. స్పానరు ఎక్కడ పెట్టిందో చూడకుండానే చేతికి దొరికింది. బిగించింది. బలం చాలదనిపించి రెండో చేత్తో పట్టి ఇంకో పావుచుట్టు లాగింది. గోళ్ళరంగు సీసా మూత తీసి ఎర్ర చుక్క పెట్టింది.

గంగాలమ్మ పాపను చంకనేసుకుని గోతి అంచున వంగి చూసింది. చేపల బేరంలో ముప్పయ్యేళ్ళు నలిగిన మనిషి. వరసగా ఎర్ర చుక్కలు చూసింది, వాటి కింద రోజలిన్ చేతుల్ని చూసింది.

"ఒరే రత్నం, లోపల నీ మడిసున్నాడన్నావు. ఏడిరా?"

విజయరత్నం షెడ్డు గుమ్మం వైపు చెయ్యి చూపాడు.

"ఇప్పుడే... బయటికెల్లేడమ్మా."

గోతిలోంచి రోజలిన్ చెయ్యి పైకి లేచింది. తాళాన్ని రాము చేతికిచ్చింది. తర్వాత, వంటింటి వైపు కాదు, తిన్నగా మొగుడి ముఖంలోకి చూసింది.

"ఏవండీ, టీ సల్లారిపోనాది. మల్లీ పెట్టండి. నలుగురం ఉన్నాం."