ఊదుబత్తి మెకానిక్కు

ఆరోగ్యం బానెట్టు ఎత్తి, కడ్డీ ఊతం పెట్టి, ఇంజను మీదికి వంగి చెవి ఒగ్గాడు. దేన్నీ ముట్టుకోకుండా ముందు కాసేపు వినడం అతని అలవాటు. ఇంజను ఒక తీరున ఆడటం లేదు. ఉన్నట్టుండి రేగుతోంది, అంతలోనే ఆగిపోబోయి మళ్ళీ తేరుకుంటోంది. లోపల స్టీరింగు ముందు పసుప్పచ్చ లైటు వెలుగుతూనే ఉంది.

సత్తుపల్లి నుంచి వేంసూరు వెళ్ళే రోడ్డు పక్కన అతని రేకుల షెడ్డు. బొగ్గు లారీ పోయినప్పుడల్లా నల్లటి దుమ్ము లేచి పానాల మీదా, టీగ్లాసు మీదా, అతని నెరిసిన మీసాల మీదా పక్షపాతం లేకుండా పడుతుంది. యాభై దాటిన మనిషి. బక్కపలచన. ఇన్నేళ్ళూ బానెట్ల కింద వంగి వంగి నడుము అలాగే ఉండిపోయింది. గోళ్ళ చుట్టూ పేరుకున్న నలుపు ఏ సబ్బుకూ లొంగక, భార్య లిదియా కూడా దాని జోలికి పోవడం మానేసింది.

కారు అతని చర్చి సంఘకాపరి శాంతికుమార్‌ది. తెల్లచొక్కాకు మసి అంటకుండా ఆయన స్టూలు అంచున కూర్చున్నాడు. సరిగ్గా ఇక్కడికొచ్చి బండి మొరాయించింది కాబట్టి దిగాడు గానీ, లేకపోతే ఈ షెడ్డు ముందు ఆగేవాడు కాదు. కొన్ని నెలల కిందట ఆరోగ్యాన్ని ప్రభువు బల్లకు, అంటే సంఘం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనకు, దూరం పెట్టింది ఆయనే.

అదంతా ఊదుబత్తుల వల్ల వచ్చింది. ఇంజనులోకి దొంగగాలి ఎక్కడ దూరుతోందో ఆరోగ్యం ఒకప్పుడు బీడీపొగతో పట్టేవాడు. ఇంజను నడుస్తుండగా గొట్టాల పక్కన పొగ వదిలితే, చీలిక ఉన్నచోట అది లోపలికి గుంజుకుపోతుంది. లిదియాను చేసుకుని, ఆమె సంఘంలో బాప్తిస్మం తీసుకున్నాక బీడీ మానేశాడు. పొగకు బదులు పెట్రోలు చల్లి చూస్తే ఒకరోజు భగ్గుమని కనుబొమలు కాలాయి. చివరికి కిరాణా కొట్లో ఊదుబత్తులు కొన్నాడు. పనికి అవే బాగా కుదిరాయి. ఒక ఆదివారం ప్రార్థనలో మోకరించినప్పుడు చొక్కా జేబులోంచి ఆ ప్యాకెట్టు జారి నలుగురిలో పడింది. దాని మీద లక్ష్మీదేవి బొమ్మ!

"పనికోసం," అన్నాడు ఆరోగ్యం. ఎవరూ నమ్మలేదు, చాటుగా పూజ చేస్తున్నాడనుకున్నారు. ఆ మాటకు ఇంకో మాట జోడించడం అతనికి చేతకాలేదు.

అప్పటినుంచి బల్ల ఉన్న ఆదివారాల్లో లిదియా ఒక్కతే ముందుకు వెళ్తోంది. వెళ్తూ వెళ్తూ ఆడవాళ్ళ వరసలోంచి ఒక్కసారి వెనక్కి చూస్తుంది. పిల్లలు లేని ఇంట్లో ఆ ఇద్దరూ పట్టుబట్టి జంటగా చేసే పని అదొక్కటే ఉండేది. ఆ పూట ఆరోగ్యానికి అన్నం సహించదు.

"ఖమ్మంల కంప్యూటర్ పెట్టి చూసిన్రు. సెన్సార్ పోయిందని కొత్తది ఏసిన్రు. మళ్ళ లైటొచ్చింది," అన్నాడు శాంతికుమార్.

"పాతది గూడ మంచిదే అయ్యుంటది అయ్యగారూ. లోపలికి పోయే గాలిని ఒక సెన్సార్ కొలుస్తది. దాన్ని దాటినంక గొట్టం ఏడనో చీలితే, కొలతల లేని గాలి దూరుతది. గాలి ఎక్కువైందని ఇంకో సెన్సార్ మొత్తుకుంటది. మనం మొత్తుకునేదాన్నే మారుస్తం."

అని, చెయ్యి అలవాటుగా ఊదుబత్తులున్న అలమర వైపు చాచి, వెనక్కి తీసుకున్నాడు. వేళ్ళు తడిచేసుకుని గొట్టాల చుట్టూ తడిమాడు. ఫ్యాను గాలికి ఏమీ తెలియలేదు. చీలిక గొట్టం వంపు కిందే ఉండాలి. గొట్టాన్ని ఒక చేత్తో వంచితేగానీ అది నోరు తెరవదు, ఇంకో చేత్తో లైటు పట్టుకోవాలి. శాంతికుమార్ వైపు ఓసారి చూశాడు. తర్వాత ఊదుబత్తి వెలిగించి, తల దించుకుని ఆయన ముందుకు చాచాడు.

"నా రెండు చేతులు ఖాళీ లేవు అయ్యగారూ. జర మీరు పట్టుకోవాలె."

శాంతికుమార్ రోడ్డుకు అటూ ఇటూ చూశాడు. తేలును పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని దగ్గరికి వచ్చాడు. నిటారుగా లేస్తున్న పొగ, ఆరోగ్యం గొట్టాన్ని వంచగానే చటుక్కున విరిగి దాని కిందికి దూరిపోయింది.

"ఆరోగ్యం! లోపలికి పోతుందయ్యా!" ఆయన చొక్కా సంగతి మరిచి ఇంకా వంగాడు.

"వందనాలు అయ్యగారూ," అని వినబడింది. ఆయన సంఘంలోని భారతమ్మ, కూరగాయల గంపతో రోడ్డు మీద ఆగిపోయింది. "ఏంది, బండికి పూజ చేస్తున్నరా?"

"పనికోసం భారతమ్మా," అన్నాడాయన. అన్నాక ముఖం కందిపోయింది.

"అవ్, పనికే," అంటూ ఆమె తిరిగి తిరిగి చూస్తూ వెళ్ళిపోయింది. ఆరోగ్యం తల ఎత్తలేదు. ఎత్తకపోవడం అతని మంచితనం.

చీలిన గొట్టం తీసి వేరేది బిగించి, లైటు ఆరడానికి బ్యాటరీ తీగ ఒకసారి ఊడదీసి పెట్టాడు. ఇంజను కుదురుగా ఆడింది. లైటు మళ్ళీ రాలేదు. శాంతికుమార్ కారెక్కి, తలుపు వేయకుండా కూర్చుండిపోయాడు.

"ఎల్లుండి బల్ల ఉంది. లిదియాతోని ముందటికి రా. తప్పు నాదని సంఘంల నేనే చెప్త."

"మంచిది అయ్యగారూ," అని ఆరోగ్యం శుభ్రంగా ఉన్న పానానే మళ్ళీ తుడిచాడు. ఆ రాత్రి రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. సంగతి విని లిదియా ముక్కు చీదుకుంటూనే నవ్వింది.

"ఈసారన్న జేబు చూసుకొని రా," అంది.

ఆదివారం తెల్లవారగానే లిదియా అతని చొక్కా ఇస్త్రీ చేసి లేపబోయింది. ఆరోగ్యం లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయింది.

కబురు వచ్చేసరికి శాంతికుమార్ మనిషికొకటి చొప్పున బల్ల మీద చిన్న గ్లాసులన్నీ ద్రాక్షరసంతో నింపి పెట్టాడు. పొగ సంగతంతా సంఘానికి చెప్పాడు. భారతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆరాధన త్వరగా ముగించి, లిదియా వంతు రొట్టె, రసం తానే పట్టుకుని కారులో ఆమె ఇంటికి బయల్దేరాడు. కారు దారిలో ఎక్కడా తడబడలేదు. సంఘమంతా ఆ వెనకే నడిచింది.

ఖాళీ చర్చిలో, బల్ల మీది పళ్ళెంలో తాగేసిన చిన్న గ్లాసుల మధ్య, ద్రాక్షరసం నిండుగా ఉన్న గ్లాసు ఒకటి మిగిలింది.