మూడో అరలోని మాత్ర

ఎమ్మిగనూరు బస్టాండు దగ్గరి మెడికల్ షాపులో రమణి తొమ్మిదేళ్లుగా ఫార్మసిస్టు. ఒకరోజు గోనెగండ్ల నుంచి వచ్చిన ముసలామెకు బీపీ మాత్రలిచ్చి పంపాక, పొరపాటున షుగరు మాత్రలు ఇచ్చానేమో అనిపించింది. సాయంత్రం స్కూటీ మీద ఆ ఊరికి వెళ్లి, ఇల్లు వెతుక్కుని చూసింది. సరైనవే ఇచ్చింది. తిరిగి వస్తుంటే దారిలో మరో అనుమానం: మాత్రల షీటు మీద మందు పేరు సరిగ్గా చదివానా?

ఆ తర్వాత అది ఆగలేదు. ఇచ్చిన ప్రతి షీటునూ ఫోనులో ఫొటో తీసుకునేది. భోజనం మానేసి వాటిని వరసగా చూసుకునేది. చూసినంతసేపు నెమ్మది. ఫోను పక్కన పెట్టగానే, తానిచ్చిన మాత్రతో ఎవరో చనిపోయినట్టు కళ్లకు కట్టేది.

చివరికి కర్నూలు వెళ్తే, అక్కడి మనసు జబ్బుల డాక్టరమ్మ అంతా విని, "ఇది నీ నిర్లక్ష్యం కాదు, జబ్బు. మందుంది" అని చీటీ రాసింది. "రెండు వారాలకోసారి రా. ఆ ఫొటోలు ఎట్లా తగ్గించుకోవాలో నేర్పిస్తాను. మాత్ర సంగతి ఆలోచించుకో. వేసుకుంటే మాత్రం గుణం కనబడ్డానికి వారాలు పడుతుంది."

ఆ మందు రమణికి కొత్త కాదు. వాళ్ల షాపులోనే మూడో అరలో ఉంటుంది. తన చేత్తో ఎంతమందికో ఇచ్చింది. మింగినవాళ్లకు లోపల ఏమవుతుందో మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు. ఇప్పుడు అదే పట్టుకుంది. భయం పోతే జాగ్రత్త కూడా పోతుందా? ఆ తర్వాత ఉండేది తనేనా?

బోరు మోటార్లు రిపేరు చేసే భర్త ఓబులేష్ అడిగాడు, "మొదలుపెడితే ఇడ్సలేమంటారు గదా, నిజమేనా?"

"అలవాటయ్యే మందు కాదు. డాక్టరును అడక్కుండా ఒకేసారి ఆపగూడదు, అంతే."

"అన్నీ తెలిసి మల్లా అనుమానమేంది?"

"ఏసుకున్న మనిషికి ఎట్లుంటాదో పుస్తకాల్లో యాడా రాయలేదు."

చీటీ పన్నెండు రోజులు ఆమె సంచిలోనే ఉంది. పదమూడో రోజు దేవేంద్రప్ప వచ్చాడు. మగ్గం నేస్తాడు. నాలుగేళ్లుగా నెలనెలా అదే మందు కొంటాడు. షాపులో ఇంకెవరూ లేరు. రమణి కవరు చేతికివ్వకుండా పట్టుకుని అడిగింది.

"దేవేంద్రన్నా, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. ఇది ఏసుకుంటే ఎట్లుంటాది?"

"ఇచ్చేదానివి నువ్వు, నన్నడుగుతాండావా?"

"నాకూ రాసినారు."

ఆయన ఎగాదిగా చూసి, కౌంటరు మీద మోచేతులు ఆనించాడు. "మొదటి వారం కడుపులో తిప్పింది. అన్నం సయించలే. నెల దాటినాక ఒకదినం మగ్గం మీద కూర్చోనుంటే, పొద్దున్నించి పోగులు లెక్కబెట్టలేదని తట్టింది. అంతకుముందు ఒక్కో చీరకు ఇరవై తూర్లు లెక్కబెడ్తాంటి."

"మనిషి మారిపోయినట్ల అనిపీలేదా?"

"నా కోపం నాకుండాది. కావాలంటే మా ఇంటామెను అడుగు."

రమణికి నవ్వొచ్చింది. "మరి పనిలో తప్పులు?"

"తప్పులు అప్పుడూ వస్తాండె, ఇప్పుడూ వస్తాండాయి. విప్పి మల్లా నేస్తా. పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పనమ్మా. ఆ ఆలోచన అప్పుడప్పుడు వస్తాది. వచ్చి పోతాది."

మర్నాడు ఉగ్గాని తిన్నాక రమణి మొదటి మాత్ర మింగింది. ఏమవుతుందో చూద్దామని రోజూ రెండు ముక్కలు రాసుకుంది. మొదటి రోజు, ఏమీ లేదు. మూడో రోజు, వికారం. తొమ్మిదో రోజు, ఊరికే ఆవలింతలు. ఐదు వారాలైనా అనుమానం తగ్గలేదని డాక్టరమ్మకు ఫోను చేస్తే, మోతాదు కొంచెం పెంచింది. ఫొటోలు సగానికి తగ్గించమంది. అది మాత్రకన్నా కష్టమైంది.

ఎనిమిదో వారంలో, మంత్రాలయం బస్సెక్కబోయే ఒకాయనకు మాత్రలిచ్చింది. తప్పు ఇచ్చావంది మనసు. బస్సు కదిలింది. అయినా ఫొటో చూసుకోవడానికి చేయి ఫోను మీదికి పోలేదు. ఇప్పుడేమవుతుందోనని ఆమె నిలబడి చూసింది. కాసేపటికి ఎవరో దగ్గుమందు అడిగితే తీయడానికి లోపలికి వెళ్లింది.

ఆ సాయంత్రం ఓబులేష్ నందవరంలో బోరులో ఇరుక్కున్న మోటారు సంగతి మొదలుపెట్టాడు. పైపు తెగిందన్నచోట మాట అలవాటుగా ఆపేశాడు. ఏడాదిగా అంతకుమించి ఆమె చెవికెక్కేది కాదు.

"మల్లా ఏమాయె? మోటారు పైకొచ్చిందా లేదా?" అంది రమణి.

ఓబులేష్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.