నెలలు నిండిన పార్శిల్

హిమబిందు నెలసరి ఎప్పుడో ఆ ఇంట్లో పాలవాడికి తప్ప అందరికీ తెలుసు. అత్తగారు రామలక్ష్మమ్మకి క్యాలెండరు అక్కర్లేదు, వేలి కణుపుల మీదే చెప్పేస్తుంది. ఆ ఉదయం కూడా బిందు సింకు దగ్గర రాత్రి గిన్నెలు తోముతుంటే వెనక నుంచి వచ్చి, "ఈ పాలి రెండ్రోజులు దాటీసింది గావాల అమ్మీ" అంది, కూరగాయల బండి వచ్చిందా అని అడిగినంత మామూలుగా.

"ఇవాళే అత్తయ్యా" అంది బిందు.

"అయితే పూజగదికేసి రాకు. ఆవకాయ జాడీ ముట్టుకోకు. బాత్రూం మట్టుకు కడిగీ, జారతంది."

ముట్టు అంటే అదీ. దేవుడికీ పచ్చడికీ పనికిరాని చెయ్యి చీపురుకి, మరుగుదొడ్డి బ్రష్షుకి, మొగుడి బనీన్లకి భేషుగ్గా పనికొస్తుంది. చీపురుపల్లి దగ్గర వాళ్ల ఊళ్లో ఆ మూడు రోజులూ ఆడవాళ్లు పశువులశాల పక్కన అరుగు మీద కూర్చునేవారని, చేతికి పని తగిలేది కాదని రామలక్ష్మమ్మే ఒకసారి చెప్పింది. "అవే మాకు సెలవులు" అని నవ్వింది కూడా. మధురవాడలో ఐదో అంతస్తుకి వచ్చేసరికి అరుగు పోయింది, సెలవు పోయింది, అంటు మాత్రం లిఫ్టెక్కి వచ్చేసింది.

అందుకే బిందు కొన్నేళ్ల కిందట ఫోన్లో 'నెలబాల' అనే యాప్ పెట్టుకుంది. నెలసరి రోజులు గుర్తు పెట్టుకునే యాప్. తెరవగానే "ఈరోజు ఎలా ఉన్నారు?" అని అడిగేది. ఆ ఇంట్లో అన్నం అయిందా అని అడిగేవారున్నారు, చొక్కా ఇస్త్రీ అయిందా అని అడిగేవారున్నారు, ఆ ప్రశ్న అడిగేవారు లేరు. అందుకని బిందు దానికి జవాబులు రాసేది. నడుం నొప్పి అని రాసేది. ఏడుపొస్తోంది, ఎందుకో తెలీదు అని రాసేది. ఇంట్లో చెప్పే తేదీలు ఒకటీ అరా అటూ ఇటూ ఉండేవి గానీ, అక్కడ మాత్రం అబద్ధం రాయలేదు. మొదట్లో 'అంగీకరిస్తున్నాను' అని నొక్కితే తప్ప అది లోపలికి రానివ్వలేదు, నొక్కింది. దేనికి అంగీకరిస్తోందో చదవలేదు. పెళ్లిపీటల మీద మాత్రం ఎవరు చదివి వినిపించారు, తల వంచమంటే వంచింది.

భర్త ఉదయ్‌కుమార్ పోర్టులో ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో పనిచేస్తాడు. ఏ కంటైనరు ఏ ఓడ దిగింది, ఏ యార్డులో ఉంది, ఏ లారీ ఎక్కింది, అన్నీ కంప్యూటరు మీద చూసి చెప్పడం అతని ఉద్యోగం. చెడ్డవాడని ఎవరూ అనరు. తాగడు, కొట్టడు. అడగడు కూడా. కిందటి శ్రావణంలో ఒక రాత్రి ఆమె "వద్దండీ, ఒంట్లో బాలేదు" అంటే నవ్వేసి, "పెళ్లాన్ని కూడా పరిమిసన్ అడిగీసి ముట్టుకుంటారేటే" అన్నాడు. ఆ మాట తర్వాత అతనికి గుర్తు కూడా ఉండదు. ఆమెకి నెల తప్పింది.

అప్పటికి కూతురు లోహిత రెండో తరగతి. లోహిత పుట్టినప్పుడు బిందు ఉద్యోగం మానేసింది. అంటే మాన్పించారు. "నాకు మోకాళ్లు నొప్పులు, గుంటని నాను సూడలేను" అంది అత్తగారు. "నీ జీతం మీద ఇల్లు నడుస్తందేటి" అన్నాడు ఉదయ్. మళ్లీ రుషికొండలో ఉద్యోగం దొరికేసరికి, ఒకప్పుడు తను పని నేర్పిన వీరేంద్ర తనకి టీం లీడరయ్యాడు. ఇంటర్వ్యూలో అతనే, మంచి ప్రశ్న అడుగుతున్నట్టు మొహం పెట్టి, "మళ్లీ ప్లాన్ ఏమైనా ఉందా మేడమ్?" అన్నాడు. ఇంట్లో అత్తగారు అడిగేదీ అదే. ఆమె కడుపు మీద ఆమెకి తప్ప అందరికీ ఒక ప్లాను ఉంది.

నెల తప్పిన సంగతి బిందు 'నెలబాల'కి తప్ప ఎవరికీ చెప్పలేదు. సెలవు పెట్టి ద్వారకా నగర్లో ఒక డాక్టరమ్మ దగ్గరికి ఒక్కతే వెళ్లింది. "భర్త సంతకం చట్టప్రకారం అక్కర్లేదమ్మా, అయినా ఓసారి అడిగితే బాగుంటుంది కదా" అంది డాక్టరమ్మ, మందులు రాస్తూ. బిందు చీటీ తీసుకుని వచ్చేసింది. మాత్రలు వేసుకుంది. ఆ ముక్క కూడా యాప్‌లో రాసింది. "ఇవాళ మాత్ర వేసుకున్నాను. భయంగా ఉంది. తప్పు చేసినట్టు మాత్రం లేదు."

"బయటున్నాను అత్తయ్యా" అన్నప్పుడు రామలక్ష్మమ్మ మొహం వాడిపోయింది. రోజులు దాటాయని లెక్కపెట్టుకుని అప్పటికే ఆవిడ మనవడికి పేరు కూడా అనుకుంది. నాలుగో రోజు బిందు తలంటు పోసుకుని ఇంట్లోకి రావాలి. ఆగని నెత్తురుతోనే వచ్చింది, ఏం చెప్తుంది మరి. పూజగది ఊడ్చింది, దీపం పెట్టింది, కనకమహాలక్ష్మి పటానికి పసుపు రాసింది, ఆవకాయ జాడీలో చెయ్యి పెట్టింది. అమ్మవారు అలగలేదు. ఆవకాయ బూజు పట్టలేదు. ఇంత తేలికైన అబద్ధం కోసమా ఇన్నేళ్లు గోడవారన నిలబడ్డాను అని మండిపోయింది బిందుకి. అది కూడా యాప్‌లోనే రాసుకుంది.

వేసవి మొదట్లో పార్శిల్ వచ్చింది. బిందు ఆఫీసులో ఉంది. రామలక్ష్మమ్మ విప్పింది. పసిపిల్లల సబ్బు, పౌడరు, నాలుగు డైపర్లు, మెత్తటి టోపీ ఒకటి. పైన కార్డు మీద బిందు పేరు, 'మీ బుజ్జాయి వచ్చే వేళయింది' అని అచ్చు. యాప్‌వాళ్లు నెల తప్పిందన్న కబురు అమ్ముకున్నారు గానీ, మాత్ర వేసుకుందన్న కబురు కొనుక్కున్నవాడికి చేరలేదు. పుట్టని బిడ్డకి నెలలు మాత్రం వాళ్లెవరో నిండించారు.

సాయంత్రం బిందు ఇంటికొచ్చేసరికి టోపీ సోఫా మీద ఉంది. తల్లీ కొడుకూ దానికి చెరో పక్కా కూర్చున్నారు. ఇద్దరూ అడిగారు, అడిగిందే అడిగారు. చివరికి బిందు, "ఉండింది, చెప్పేలోపే పోయింది" అంది. నోటికొచ్చిన అబద్ధం అంతవరకే.

రామలక్ష్మమ్మ గుండెలు బాదుకుంది. "స్కూటీ మీద తిరిగీసి, ఆఫీసు కుర్సీలో కూకునీసి పోగొట్టీసినావు కదే నా మనవడిని" అంది. ఆ తర్వాత ఎవరింటికి సీమంతానికి వెళ్లినా కోడల్ని వెనక వరసలో కూర్చోమంది. ఉదయ్ అరవలేదు. "ఇంత సంగతి నాకు తెల్దు సూడు" అని ఆమె ఫోన్ తీసుకుని, ఆమె ఎక్కడుందో తన ఫోన్లో కనబడేలా పెట్టుకున్నాడు. అప్పటికే బిందు యాప్ తీసేసింది. ఆ రోజు నుంచి భోజనం అయ్యాక అతను ఆమె ఫోన్ని పైనుంచి కిందికి ఓసారి జరిపి చూస్తాడు, పేపరు చదివినట్టు. అతని కంటైనర్లలో ఆమె ఒకటి పెరిగింది.

ఆ పార్శిల్ ఎందుకొచ్చిందో వానలు పడ్డాక గానీ తెలియలేదు. 'నెలబాల' లక్షలమంది ఆడవాళ్ల రాతలు అమ్ముకుందని వార్తల్లో వచ్చింది. ఆఫీసులో పక్క సీటు రాణి ఒక ఫోన్ నంబరు ఇచ్చింది. "సనోబర్ అని, లాయరు, ద్వారకా నగర్లో ఆఫీసు. అందరి తరఫునా ఒకే కేసు వేస్తోందట వినియోగదారుల కమిషన్లో. పేరు ఇచ్చి ముందు నిలబడే మనుషులు కావాలంట. వెళ్తావేటి?"

మధ్యాహ్నం సెలవు పెట్టి ద్వారకా నగర్లో మెట్లెక్కుతుండగానే ఫోన్ మోగింది.

"ద్వారకానగర్లో ఏటి పని నీకు?" అన్నాడు ఉదయ్.

చెప్పక తప్పలేదు, పైకి వెళ్లకుండానే దిగిపోయింది. కేసు సంగతి వింటే మండిపడతాడనుకుంది. సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే అతను హుషారుగా ఉన్నాడు.

"నా ఇంటి ఆడమనిషి సంగతులు సంతలో పెట్టి అమ్మీడానికి ఆలెవులు? మా అమ్మని ఎంత ఏడిపించేరు. ఏసీద్దాం కేసు. నీకు లాయర్లతో మాటాడ్డం రాదు, శనివారం నానూ వత్తాను" అన్నాడు. అంటున్నంతసేపూ ఆమె ఫోన్ అతని చేతిలోనే ఉంది, బొటనవేలు ఆమె మెసేజీల మీద నడుస్తూనే ఉంది.

"ఏసీండి బాబూ" అంది రామలక్ష్మమ్మ. "ఇంటి గుట్టు పరాయోడికెందుకు."

ఇంటి గుట్టు ఇంట్లోవాళ్లకి ఎందుకో ఆవిడకి అడగాలని తోచలేదు.

శనివారం వరకూ బిందు అటో ఇటో తేల్చుకోలేకపోయింది. కేసులో చేరితే తను రాసిందంతా బయటికొస్తుంది, మాత్ర సంగతితో సహా. చేరకపోతే ఎందుకు చేరవని ఉదయ్ అడుగుతాడు, అబద్ధం మీద ఇంకో అబద్ధం వెయ్యాలి. పోగొట్టుకున్నది అన్న పేరు మోస్తూ జీవితమంతా వెనక వరసలో కూర్చోవచ్చు, అదేం కొత్త కాదు. పోగొట్టుకోలేదు, వద్దనుకున్నాను అంటే ఆ ఇంట్లో ఉండనిస్తారో లేదో తెలీదు. లోహితని తనతో పంపుతారో లేదో అంతకన్నా తెలీదు. బియ్యం కడుగుతూ అదే, స్కూటీ మీద అదే, లోహితకి జడలు వేస్తూ అదే. యాప్‌వాడి మీద కోపం ఉంది, లేకపోలేదు. దొంగ చేతికే తాళాలిచ్చినట్టు వాడికే కదా అన్నీ చెప్పుకుంది. కానీ ఆలోచించేకొద్దీ వాడొక్కడి మీదే కేసు వెయ్యడం అన్యాయమనిపించింది. వాడు ఆమె సంగతులకి కనీసం ఒక ధర కట్టాడు. ఇంట్లో అయితే ఉచితం.

సనోబర్ ఆఫీసు ఒక కోచింగ్ సెంటర్ పైన. కింద ఎవరో మైకులో లెక్కలు చెబుతున్నారు. ముప్పై దాటని మనిషి, తలమీద లేత నీలం దుపట్టా, మాట నెమ్మది. ఇద్దర్నీ చూసి, "ఉదయ్‌కుమార్ గారూ, మీరు కాసేపు బయట కూర్చుంటారా? ఆవిడతో మాట్లాడాలి" అంది.

"భార్యాభర్తలం మేడమ్. మా మజ్జిన దాపరికాలేటుంటాయి. మీరు సెప్పండి."

సనోబర్ బిందు వైపు తిరిగి, "ఆయన్ని ఉండమంటారా?" అంది.

ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి బిందుకి చాలాసేపు పట్టింది. జవాబు తెలీక కాదు, అలవాటు లేక.

"ఉండనివ్వండి మేడమ్."

"అయితే వినండి. కంపెనీ లాయర్లు ఊరుకోరు. మీరే అంగీకరించారంటారు. మీరు యాప్ తీసేసినా మీ రాతలన్నీ వాళ్ల దగ్గరున్నాయి, అక్షరం పొల్లుపోకుండా బయట పెడతారు. మీకు ఇష్టం లేనివి కూడా. చాలామంది ఇక్కడిదాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయారు. వాళ్లది తప్పనను. మీరూ ఆలోచించుకుని చెప్పండి."

"పెట్టుకోనీండి మేడమ్" అన్నాడు ఉదయ్, కుర్చీలో వెనక్కి వాలి. "ఈవిడ రాసింది నాకు తెల్దేటి? ఫోను రోజూ నా సేతిలోనే ఉంటాది."

బిందు అతని వైపు తిరిగింది. ఇన్నాళ్ల భయం అప్పుడు లేదు.

"కోర్టులో ఎవరో చదివితే మీరు వినడం ఎందుకు, నేనే చెప్తాను" అంది. "అది పోలేదు. నేనే తీసేయించుకున్నాను. ఇదే వీధి చివర డాక్టరమ్మ దగ్గర. స్కూటీ వల్ల కాదు, కుర్చీ వల్ల కాదు. నాకు వద్దు, అందుకని."

కింద మైకులో మేష్టారు అదే లెక్క మళ్లీ మొదలుపెట్టాడు. ఉదయ్ మొహంలో రంగు దిగిపోయింది. సనోబర్ ఎదురుగా ఉందని కూడా మరిచిపోయాడు.

"ఎవుల్నడిగి సేసేవ్?" అన్నాడు. "నా బిడ్డ కదే అది. నన్నడక్కుండా ఎలా సేసేవు? నన్నొక్క మాట అడగాలని లేదా నీకు? నాను మనిసిని కాదా?"

ఆ గొంతులో బాధ నిజమైనదే, నటన కాదు. బిందు దాన్ని కాదనలేదు. అడక్కపోతే మనిషికి ఇంత నొప్పి పుడుతుందని అతనికి తెలుసన్నమాట. పదేళ్ల కాపురంలో ఆ సంగతి ఆమెకి ఇప్పుడే తెలిసింది.

సనోబర్ మంచినీళ్ల సీసా అతని ముందుకి జరిపింది. "ఇవాళ్టికి ఆపేద్దామా?" అని బిందుని అడిగింది.

"వద్దు మేడమ్. నా పేరు రాసుకోండి."

"రాసుకుంటాను. మీ ఫిర్యాదు ఏమిటో మీ మాటల్లో చెప్పండి."

బిందు భర్త వైపు చూసింది. అతను ఇంకా జవాబు కోసమే చూస్తున్నాడు.

"ఆయన ఇప్పుడన్న మాటే రాయండి మేడమ్" అంది. "నన్నొక్క మాట అడగలేదు. నేను మనిషిని కాదా."