దయగల ఎర్ర డబ్బా

"అసాధ్యం," అంది మందు పరీక్ష ఫలితాల లెక్కలు చూసే లెక్కలావిడ.

ఆ ఒక్క మాటకే పెద్ద నర్సు థర్మామీటరు తుడవడం ఆపేసింది.

మోకాళ్ల నొప్పులకి కొత్త మాత్ర పనిచేస్తుందో లేదో తేల్చే పరీక్ష అది. సగం మందికి అసలు మాత్ర, సగం మందికి అచ్చం దానిలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర. ఒకటి ఎర్ర డబ్బాలో, ఇంకోటి నీలం డబ్బాలో. ఏది ఏదో లెక్కలావిడ ఆఫీసులో వాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు. ఎవరికి ఏ రంగు పడాలో చీటీలు తీసి, నంబర్లు వేసిన కవర్లలో పెట్టి అంటించి పంపారు. రోగి రాగానే వరసలో తర్వాతి కవరు చించడమే నర్సు పని.

"నలభై మందికే ఇంత తేడా! నీలం డబ్బా వాళ్లు లేడిపిల్లల్లా గెంతుతుంటే అసాధ్యమేంటండీ?" డాక్టరు కుర్చీలో నిలవలేకపోతున్నాడు. మూడేళ్ల కష్టం మరి.

"గెంతరూ? వాళ్ల సగటు వయసు నలభై ఎనిమిది. ఎర్ర డబ్బా వాళ్లది డెబ్బై ఒకటి. ముసలివాళ్లని ఏరి ఏరి ఒకే డబ్బాకి పంపే తెలివి చీటీలకి ఉండదు డాక్టరుగారూ. ఎవరో కవర్ల లోపలికి చూశారు."

నర్సు చూపు తనకి తెలియకుండానే గోడమీదికి పోయింది. ఎక్స్‌రేలు పెట్టి చూసే లైటుపెట్టె తెల్లగా వెలుగుతోంది. చప్పున తల తిప్పుకుంది.

ఆ పెట్టెకి ఆనిస్తే కవరు లోపలి అక్షరాలు ఇట్టే కనిపిస్తాయి. ఎర్ర డబ్బా చూడగానే ఆమెకి గట్టి మందనిపించింది. అంతే. నడవలేని పెద్దవాళ్లొస్తే "కాసేపు కూర్చోండి బామ్మగారూ" అని ఆపేది. లోపల 'ఎర్ర' అని ఉన్న కవరు వంతు వచ్చేదాకా కుర్రకారుని ముందు పంపేది.

"కంపౌండరే!" డాక్టరు బల్ల గుద్దాడు. "కవర్ల బీరువా తాళం వాడి దగ్గరే ఉంటుంది. ఇవాళే ఇంటికి పంపేస్తా."

నోరు మూసుకుంటే ఇరవై రెండేళ్ల ఉద్యోగం నిలుస్తుంది. విప్పితే పోతుంది. అద్దం తలుపు అవతల కంపౌండరు, ఏ పాపం తెలియక, సీసాలు తుడుస్తూ ఈల వేస్తున్నాడు. ఆ ఈలే ఆమె ప్రాణం తీసింది.

"నేనేనండీ," అంది. "ఆ లైటు దగ్గర పెట్టి చూశాను. పాపం పెద్దవాళ్లు కదా, అసలు మందు వాళ్లకి దక్కాలని..."

డాక్టరు లేచి లైటుపెట్టె ఆపేశాడు.

"ఎర్రదే అసలుదని మీకెవరు చెప్పారు?" అడిగింది లెక్కలావిడ.

"ఒకరు చెప్పాలా! ఈ నలభై మందిలో మా అత్తగారూ ఉన్నారు, ఆవిడకిచ్చింది కూడా అదే. రెండు వారాల్లో కర్ర మూల పడేసి మేడ మెట్లెక్కేస్తున్నారు."

లెక్కలావిడ కళ్లజోడు తీసింది. "ఈ నలభై మంది లెక్క ఎలాగూ చెత్తబుట్టకే, కాబట్టి చెప్పేస్తున్నా. ఎర్ర డబ్బాలో ఉన్నది ఉత్త సుద్ద."

"మరి అత్తగారు..?"

"మందు తిన్నానన్న ధీమా. దాన్ని తీసేస్తే మాత్ర బలం ఎంతో తెలియాలనే ఉత్తుత్తిది కూడా ఇస్తాం."

"అయితే పెద్దవాళ్లందరికీ ఏరి ఏరి సుద్ద పెట్టానా?"

"చాలా శ్రద్ధగా."

"నా నీలం మాత్ర?" అన్నాడు డాక్టరు.

"మాత్ర నొప్పి తగ్గించిందో, కుర్ర మోకాళ్లు వాటంతటవే బాగుపడ్డాయో చెప్పలేం. మళ్లీ మొదటినుంచీ. ఈసారి కవర్లుండవు, రంగులుండవు. రోగి పేరు రాశాకే మా ఆఫీసుకి ఫోన్ చెయ్యాలి, సీసా నంబరు మేం చెబుతాం." నర్సు వైపు తిరిగింది. "ఈవిడ్ని ఇంటికి పంపకండి. అడక్కుండా తప్పు ఒప్పుకునే మనిషి మళ్లీ దొరకదు. కాకపోతే నలభై ఇళ్లకీ ఈవిడే ఫోన్ చేసి నిజం చెప్పాలి."

నర్సు ఫోన్ దగ్గరికి లాక్కుని ముందు కష్టమైన నంబరే నొక్కింది.

"అత్తయ్యా, మీరు వేసుకుంటున్నది మందు కాదట. సుద్దట."

అటువైపు టీవీ చప్పుడు ఆగింది.

"సుద్దని తెలిసే నాకిచ్చావా?"

"అయ్యో, తెలియకే ఇచ్చానత్తయ్యా!"

"అయితే సరే. నాకు పడింది. వచ్చేటప్పుడు ఇంకో రెండు డబ్బాలు పట్రా."