సైదాబీకి మేజరు పంపిన బయానా

వైశాఖమాసమున మధ్యాహ్నవేళ చండకిరణుడు తన సమస్తకిరణసైన్యమును ఒక్క చిలకలూరిపేట పట్టణముపైననే మోహరించి తక్కిన భూమండలమును పూర్తిగా మఱచినవాడై యుండగా తారురోడ్లు బెల్లపుపాకమువలె కరగి పాదచారుల చెప్పులను తమయొద్దనే యుంచుకొని యజమానులను మాత్రము ముందునకు సాగనంపుచుండెను. మిరపకళ్లములనుండి లేచిన ఘాటు పురవీధులయందు రాజోద్యోగివలె విహరించుచు ఎదురైన ప్రతివానిచేతను కొన్ని తుమ్ములను కప్పముగా గైకొనుచుండెను. కాకులు ఎగురుట మానుకొని నడచి పోవుచుండెను. ఇట్టి ఘోరతాపమునందు సైతము ఎచ్చటనో చల్లనిగదిలో కాళ్ళు చాచుకొని కూర్చుండి ఎండలో చెమటోడ్చువారి సొమ్మును హరించుటయే కులవృత్తిగా నేర్పఱచుకొన్న యొక నీచాగ్రేసరుని కథను చెప్పబూనితిని గావున ఓ పాఠకమహాశయా నా వాక్యములయందు శాంతరసమును వెదకవలదు. అది లేదు.

ఆ పట్టణమున షేక్ సైదాబీ యను నాదస్వరవిదుషి కలదు. వేకువనే నమాజు చేసిన నోటితోనే సీతారామకల్యాణములకు మంగళధ్వని పలికించుట ఆమె వంశమునకు తరతరములనుండి వచ్చుచున్న విద్య. ఆమె సన్నాయి నెత్తిన క్షణమున పందిటిలో అలిగి కూర్చున్న వియ్యపురాండ్రు తాము దేనికై యలిగిరో మఱచి విస్తరిలో మఱొక గరిటె పప్పు వేయించుకొందురని ప్రతీతి. ఆమె మేళమున డోలు వాయించు కొప్పుల ఏడుకొండలు వయసున చిన్నవాడు. డోలుకంటె నాలుకను వేగముగా వాయించువాడు.

ఆ సంవత్సరము ముహూర్తములు దట్టముగా నుండెను. పెండ్లివారు పంపిన బయానాలన్నియు సైదాబీ బ్యాంకుఖాతాలో నుండెను. పెండ్లి జరుగకమున్నే బయానాను ముట్టుట మేళగాండ్రకు మహాదోషము. సరిగ్గా అట్టితఱిని ఏడుకొండలు డోలుచెక్క నిలువున పగిలెను. డోలులేని మేళమును పెండ్లివారు పందిటిలో అడుగిడనీయరు. మేళము నడువకున్న బయానాలన్నియు తిరిగి యిచ్చి తలవంచుకొని వీధిని నడువవలయును. అందుచేత సైదాబీ తనకున్న రెండు సన్నాయిలలో నొకదానిని అమ్మి క్రొత్తడోలు కొనదలచి దాని చిత్రమును ఫోనులో నెక్కించి వాడిన సన్నాయి అమ్మబడునని ప్రకటించెను.

ప్రకటన వెలువడిన పిమ్మట లోకమునందు ఎంతటి విజ్ఞులు సంచరించుచున్నారో ఆమెకు తెలియవచ్చెను. ఒకడు దీనితో ఛార్జరు కూడ ఇత్తురా యని యడిగెను. ఒకడు కళ్లముపై వాలు కోతులను బెదరించుటకు పనికివచ్చునా యని విచారించెను. ఇంకొక యిల్లాలు నడచుచున్న మిక్సీని బదులిచ్చెదనని వినయముగా వ్రాసెను. వీరందఱును నిర్దోషులు. వీరికి నా నమస్కారములు. అనంతరము మ్రోగిన ఫోనే మ్రోగకుండవలసినది.

“నమస్తే బెహన్‌జీ. నేను ఆర్మీ మేజర్ సమరజిత్ సింగ్. మీ సన్నాయి బహుత్ పసంద్. మీరు చెప్పిన రేటే ఓకే.”

“శ్రుతి అడగలేదేంది సార్? రెండున్నర శ్రుతిది. ఓసారొచ్చి ఊది చూసుకోండి. నచ్చితేనే తీసుకోండి.”

“శ్రుతి గిరుతి అంతా ఓకే. బోర్డర్ డ్యూటీలో ఉన్నా. మా ట్రక్కు వస్తుంది, తీసుకుపోతుంది.”

పగిలిన డోలును ఒడిలో నుంచుకొని తల్లి బిడ్డనువలె చూచుచున్న ఏడుకొండలు తలయెత్తెను.

“అక్కా, ఈయన రేటు తగ్గించమనలా, శ్రుతి అడగలా. సన్నాయి కొంటన్నాడా, పొయ్యిలోకి పుల్లలు కొంటన్నాడా?”

“నోర్ముయ్యరా. దేశం కోసం ఎండలో నిలబడి కాపలా కాసే మడిసిని అనుమానిస్తావేంది?” అని వానిని గద్దించి ఆమె ఫోనులో నిట్లనెను. “సరే సార్. ముందు బయానా పంపండి. బయానా వచ్చిందంటే మేం వద్దనం. ఎంతని లెక్క కూడా చూసుకోం, కళ్ళు మూసుకుని తీసుకుంటాం. అది మా ఆనవాయితీ.”

ఇచ్చట ఆ యాచారమును విన్నవింపవలసియున్నది. పెండ్లివారు తాంబూలముపై నుంచి యొసగు బయానాను మేళగాండ్రు ఎదుట లెక్కించరు. కన్నులు మూసి రెండుచేతులతో గైకొని కన్నులకద్దుకొని కొంగున ముడివేయుదురు. ఇచ్చువాని యెదుట దానిని పరికించుట ఆ పెండ్లినే శంకించుటయని వారి నమ్మకము. ఈ మర్యాదవలన ఎన్నితరములనుండియు ఒక్క మేళగాడును మోసపోయి యెఱుగడు. ఏలయన ఇచ్చినవాడు పందిటిలో ఎదుటనే యుండును. వాని యిల్లు తెలియును. వాని మేనమామ తెలియును. వాడు మోసగించినచో వాని కుమార్తె పెండ్లికి సన్నాయి యుండదు. కాని ఇట్టి సుందరమర్యాద నొకానొక దినమున ముఖములేని దొంగకు తన నోటితోనే బోధింపవలసి వచ్చునని ఆమె పూర్వికులెవ్వరును ఊహింపలేదు.

ఆ మాట విన్నంతనే ఆ వంచకుని హృదయమున పండుగ జరిగెను. వెంటనే నల్లచుక్కలు నిండిన యొక చదరపుబొమ్మ సైదాబీ ఫోనున ప్రత్యక్షమయ్యెను.

“స్కాన్ చేసి పిన్ కొట్టండి బెహన్‌జీ. బయానా మీ ఖాతాలో పడుతుంది. అంకెలు చూడొద్దు. మీ రివాజు మీది.”

సైదాబీ స్కాను చేసెను. తెరపై ఎవరికి ఎంత చెల్లింపబడుచున్నదో స్పష్టమగు తెలుగుననే వ్రాయబడియుండెను. చదువనేర్చిన ఆమె చదువలేదు. అది బయానా. బయానాను పరికింపరాదు. రహస్యసంఖ్యను మాత్రము నొక్కి కన్నులు మూసికొని ఫోనును కన్నులకద్దుకొనెను. తాను దోచికొనబడుచున్న క్షణమున ఇంత భక్తితో వందనమొనర్చిన మానవుడు చరిత్రయం దింకొకడు లేడని నా దృఢవిశ్వాసము.

ఫోను గుయ్యిమనెను. ఏడుకొండలు మెడసాచి చూచెను. వాని ముఖమునందలి రక్తమంతయు ఎచ్చటికో సెలవు పెట్టి పోయెను.

“అక్కా! రాలేదక్కా. పోయినయ్యి. నరసరావుపేట పెళ్ళోళ్ళ బయానా మొత్తం పోయింది.”

“పోవడమేందిరా? పిన్ కూడా కొట్టాను గదా!”

“పిన్ కొట్టబట్టే పోయినయ్యి! డబ్బులు వచ్చేదానికి పిన్నెందుకక్కా? మన జేబులో డబ్బులేసేవోడికి మన జేబు కత్తిరించే పనేంది?”

సకలశాస్త్రసారము ఆ ప్రశ్నయందే యున్నది. సొమ్ము వచ్చుటకు రహస్యసంఖ్య అక్కఱలేదు. సొమ్ము పోవుటకే అక్కఱ. దీనిని బంగారుపలకపై చెక్కించి దేశమునందలి ప్రతి గడపకును వ్రేలాడదీయవలసియుండగా దీనిని తెలిసికొనుటకై ప్రతి యింటివారును ఒక్కొక్కమారు తమ సొంతసొమ్మును గురుదక్షిణగా చెల్లించుచుండుట ఎంతటి దుర్మార్గము! ఓరీ కపటమేజరూ దేశరక్షకుని వేషమును ధరించి దేశవాసుల గోచినూడ్చు ఓరీ సరిహద్దులేని నీచుడా నీవు కూర్చున్న కుర్చీకి నాలుగు కాళ్ళుండుగాక అందు మూడు మాత్రము ఒక్కయెత్తున నుండుగాక! నీవు త్రాగు ప్రతి చాయలోను రొట్టెముక్క తెగి పడుగాక! నీ ముక్కు తుమ్మబోయి ఆగుగాక! ఆగియే యుండుగాక!

సైదాబీ ఏడ్వలేదు. ఆమె కన్నులు ఎఱ్ఱనయ్యెను. పోయిన సొమ్ము తనది గాదు. ఒక ఆడుపిల్ల పెండ్లికై ఒక తండ్రి తాంబూలముతో నిచ్చినది. దానిలో డోలువారికిని తాళమువారికిని పాళ్ళుండెను. ఖాతాలో మిగిలిన పెండ్లిండ్ల బయానాలు ఇంకను ఉండెను. అవియు పోయినచో ఆమె మేళమునకు ఆ జిల్లాలో నామరూపములుండవు. ఇంతలో మరల ఫోను మ్రోగెను.

“సారీ బెహన్‌జీ! సిస్టమ్ తప్పు చేసింది. ఇంకో స్కానర్ పంపుతా. దానికి పిన్ కొట్టండి, పోయిందీ వస్తుంది, బయానా కూడా వస్తుంది.”

సైదాబీ ఊపిరి బిగబట్టెను. సన్నాయివారి ఊపిరి సామాన్యుల ఊపిరి గాదు. దానిని చెక్కిళ్ళలో నిలుపుకొని ముక్కుతో క్రొత్తగాలి పీల్చుకొనుచు నోటితో ఎడతెగక విడుచుటయే వారి విద్య. ఆమె కోపమును అట్లే చెక్కిళ్ళలో నిలిపి ఏడుకొండలును పెరటివైపు పొమ్మని కనుసైగ చేసి తేనెలూరు కంఠముతో నిట్లనెను.

“అట్టాగే సార్. కాకపోతే మాకో పద్ధతుంది. బయానా అందుకునే ముందు ఇచ్చినోళ్ళకి మంగళం వాయించాల. మధ్యలో ఫోను పెట్టేస్తే బయానా కళ్ళ చూడకూడదు. వింటారా?”

“పెట్టండి పెట్టండి. జల్దీ.”

ఇట్టి పద్ధతి ఏ మేళమునందును లేదు. ఆమె అప్పుడే దానిని పుట్టించెను.

ఏడుకొండలు పెరటిలో నిలుచుండి సైబరునేరములకై సర్కారువా రేర్పఱచిన పందొమ్మిదివందల ముప్పది సంఖ్యకు ఫోను చేసి సొమ్ము ఎవనికి చేరెనో ఏ వేళ చేరెనో గుక్కతిప్పుకొనక చెప్పుచుండగా లోపల సైదాబీ సన్నాయి నెత్తి అఠాణరాగము నందుకొనెను. ఫోను సన్నాయి మూతియెదుటనే యుండెను. ఆ ధ్వనికి మూడువీధుల కావల మిరపకాయలు ఆరబోసినవారు ఉఱుమనుకొని పరుగున వచ్చి గోనెలు కప్పిరి. ఒక గేదె వేళకాని వేళ పాలిచ్చి తానే ఆశ్చర్యపడెను. ఎదురింటి గోడగడియారము సిగ్గుపడి నిలిచిపోయెను. రాబోవు పెద్దసొమ్మునకై ఆశపడి చేతజిక్కిన చిన్నసొమ్మును వేఱొక ఖాతాలోనికి దాటించుటయు మఱచి ఆ దొంగ చెవికి ఫోనాన్చుకొని కూర్చుండెను. నడుమనడుమ అచ్ఛా యనియు వాహ్ యనియు మూలిగెను. ఆమె ఆపలేదు. ఆలాపన ముగించి మరల ఆలాపనయే మొదలిడెను.

చాలసేపటికి ఆమె ఊపిరి తీసికొనుటకై సన్నాయి దించెను. అవతల హిందీ వినబడలేదు.

“అక్కా... మా అక్క పెళ్ళిలోనూ ఇట్టాగే వాయించారక్కా. తాళి కట్టేటప్పుడు. మా నాయన ఏడ్చాడు.”

అది గుంటూరుజిల్లా తెలుగు. సరిహద్దు ధూళి అందు రవ్వంతయు లేదు. సైదాబీ సన్నాయిని ప్రక్కన పెట్టెను. దూరదేశపు దొంగయనుకొన్నవాడు ఇట్టి సన్నాయినే విని పెరిగినవాడు. ఈ ధ్వనికి కన్నీరు పెట్టుకొన్న తండ్రికి పుట్టినవాడు. కొందఱు కథకు లీ చోట ఆమె హృదయమును కరిగించి దొంగను పరివర్తింపజేసి సొమ్ము తిరిగి యిప్పింతురు. నేను అట్లు చేయజాలను. జరిగిన దిది.

పెరటినుండి ఏడుకొండలు పరుగున వచ్చి చేయి గాలిలో అడ్డముగా కోసినట్లు చూపెను. దొంగఖాతాను అధికారులు బంధించిరి. సొమ్ము అందులోనే చిక్కెను.

“మీ నాయన పేరేందిరా?” అని సైదాబీ యడిగెను.

అవతలివాడు హలో హలో యనుచు వినబడనట్లు నటించెను.

“చెప్పవు. సిగ్గుండాల చెప్పటానికి. ఒరేయ్, ఈ సన్నాయంటే ఏందో ఎరగనోడు దోచుకుంటే ఎదవ అనుకుని ఊరుకుందును. మీ అక్క మెళ్ళో తాళి పడేటప్పుడు విన్నోడివి. ఆ బయానా ఇచ్చేదానికి మీ నాయన ఎవరి కాళ్ళు పట్టుకున్నాడో చూసినోడివి. చూసి కూడా ఇంకో ఆడపిల్ల పెళ్ళి బయానా మింగావంటే నిన్నేమనాలిరా?”

పిమ్మట ఆమె యేమనెనో నాకు అక్షరాక్షరము తెలియును. కాని దానిని అచ్చొత్తుటకు తగిన ధైర్యము గల ముద్రణాలయము ఆంధ్రదేశమున లేదు. విన్న ఏడుకొండలు తాను తిట్టుటయందు ఇంతవఱకు శిశువుననియు చేతనున్న డోలుతోపాటు నాలుకను కూడ మార్చుకొనవలయుననియు గ్రహించెను. తిట్టు ముగియకమున్నే అవతలివాడు ఫోను పెట్టివేసెను.

బ్యాంకువారు ఒక గుఱ్ఱము మోయదగినన్ని కాగితములపై సంతకములు గైకొని కొంతకాలమునకు సొమ్ము తిరిగి యిచ్చిరి. సన్నాయిని అద్దంకినుండి బస్సులో వచ్చిన యొక విద్వాంసుడు పూటంతయు ఊది చూచి వంకలు పెట్టి బేరమాడి నోట్లు చేతిలో పెట్టి కొనిపోయెను. వాని బేరము వినుచున్నంతసేపు సైదాబీకి ప్రాణము హాయిగా నుండెను. ఏడుకొండలుకు క్రొత్తడోలు వచ్చెను.

నరసరావుపేట పెండ్లి నిశ్చితముహూర్తముననే జరిగెను. పురోహితుడు వ్రేలెత్తి గట్టిమేళమనగా సైదాబీ సన్నాయి నెత్తెను. ఆ దినమునుండి ఆమె చెక్కిళ్ళలో నిలిచియున్న కోపము అప్పటికిని తఱుగలేదు. అది ఒక్కపెట్టున వెలువడెను. ఒక్కొక్క స్వరము ఒక్కొక్క శాపము. ఒక్కొక్క గమకము వాని వంశమున నొక్కొక్క తరమును తడవి వచ్చుచుండెను. పెండ్లికొడుకు అదరిపడగా మూడవముడి తక్కిన రెంటికంటె గట్టిగా పడెను. పందిటిలోని పెద్దలు కన్నులు చెమర్చి అక్షతలు చల్లుచు ఇంత మంగళకరమగు ధ్వనిని తమ జన్మలో వినలేదనిరి. డోలుపై వంగియున్న ఏడుకొండలు మాత్రము అది యేమో యెఱుగును. వాడు పెదవి బిగించి నవ్వు నాపుకొనుచు ప్రతి తిట్టునకును ఒక్క దెబ్బ తప్పక తాళము వేయుచుండెను.