పొయ్యి ఆపింది ఎవరు?

మా ఇంట్లో వెలుగుతున్న పొయ్యిని చూస్తే ఎవరి చెయ్యీ ఊరుకోదు. వంటింట్లో మనిషి లేకుండా మంట కనబడిందా, అటుగా వెళ్లేవాళ్లు టక్కున ఆపేసి పోతారు. అది మా అత్తగారు నూరిపోసిన అలవాటు. గ్యాస్ అంటే ఆవిడకు అంత భయం. ముందు కొడుకులిద్దరికీ, తర్వాత నాకూ, నా కూతురికీ అంటించారు.

ఆ అత్తగారే ఇప్పుడు తుంటి విరిగి మంచం పట్టారు. ఆపరేషన్ అయింది, ఎముక అతుక్కుంది, ఇక నడవమన్నాడు డాక్టరు. ఆవిడ నడవరు. మళ్లీ పడతానేమోనని భయం. బతిమాలాం, కసిరాం. వంటింటి పక్క గదిలో గోడవైపు తిరిగి పడుకుంటారు. ఇలాగే ఉంటే ఇక జన్మలో లేవరని డాక్టరు నన్ను పక్కకు పిలిచి మరీ చెప్పాడు. తిండీ అంతంతమాత్రమే. మొన్న అడగ్గా అడగ్గా, మన ఊరి మందలో పెరిగిన గొర్రెపిల్ల మాంసమైతే రెండు ముక్కలు తింటానన్నారు. అదీ కుక్కర్లో వండింది కాదట, సన్నమంట మీద ఎముక నుంచి ఊడొచ్చేదాకా మగ్గింది కావాలట.

ఒంట్లో సత్తువ వస్తే కాళ్లలోకీ వస్తుందని నా ఆశ. పొద్దున్నే మాంసం కొట్టుకు వెళ్లాను. తొడ ఇవ్వమంటే కొట్టాయన ఎవరు తింటారన్నాడు, పళ్లున్నాయా అన్నాడు, ఏ మంట మీద వండుతావన్నాడు. నేను మాంసానికి వచ్చానా, పెళ్లిసంబంధానికి వచ్చానా అనిపించింది. ఇంతా చేసి తొడ ఇవ్వనే లేదు. నిదానంగా మగ్గేదానికి భుజమే మంచిదని, ఊరవతల మందలోదేనని ఒట్టేసి, భుజం కొట్టిచ్చాడు.

ఉల్లిపాయలు వేయించి, ఉప్పూ మిరియాలూ వేసి, మందపాటి గిన్నెలో ముక్కలు పెట్టి, నీళ్లు పోసి మూతపెట్టాను. ఈ పూట పొయ్యి జోలికి ఎవరూ పోవద్దని అందరికీ చెప్పాను.

బట్టలు ఆరేసి వచ్చేసరికి పొయ్యి ఆపేసి ఉంది. మా ఆయన మంచినీళ్లకు వెళ్లారట, చెయ్యి దానంతటదే తిరిగిందట. మళ్లీ వెలిగించాను. స్నానం చేసి వచ్చేసరికి మళ్లీ ఆపేసి ఉంది. ఈసారి మా మరిది. ఫోన్లో మాట్లాడుతూ ఆపాడట, ఆపిన సంగతి అతనికే గుర్తు లేదు. నా కూతురైతే నేను చూస్తుండగానే ఆపి నాలిక కరుచుకుంది. నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇది ఎప్పుడు ఉడకాలి, ఆవిడ ఎప్పుడు తినాలి? ముగ్గురినీ హాల్లో టీవీ ముందు కూర్చోబెట్టి, కదిలితే కాళ్లు విరగ్గొడతానన్నాను. లోపల అత్తగారు ఆ మాట విన్నారేమోనని వెంటనే మనసు చివుక్కుమంది. నేనూ అక్కడే కాపలా కూర్చున్నాను.

కాసేపటికి కమ్మటి వాసన వచ్చింది. హమ్మయ్య అనుకుని మూత తీద్దామని వెళ్తే, పొయ్యి ఆపేసి ఉంది.

ఇక నా వల్ల కాలేదు. ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. ముగ్గురూ పరుగెత్తుకొచ్చి, మేం కదిలితే కదా అన్నారు. నిజమే, నా కళ్లెదుటే ఉన్నారు.

"మరి ఎవరు ఆపారు, దయ్యమా?" అన్నాను.

"నేనే."

అత్తగారు. గదిలోకి తిరిగి వెళ్లబోతూ దొరికిపోయారు. రెండు చేతులతో గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. కాళ్లు వణుకుతున్నాయి.

"మంట వదిలేసి అందరూ టీవీ ముందు చేరతారా? కొంప అంటుకుంటే ఎవరు లేస్తారు?" అన్నారు.

మా ఆయన పట్టుకోబోతుంటే చెయ్యి పట్టి ఆపాను. ఏడుపు తన్నుకొస్తున్నా మొహం చిరాగ్గానే పెట్టాను.

"ఇంకా ఉడకలేదు అత్తయ్యా. నేను వెలిగించే తీరతాను," అని పొయ్యి వెలిగించి, మిగతావాళ్లను తోసుకుంటూ హాల్లోకి వచ్చేశాను. టీవీ ఆపి నలుగురం చెవులు రిక్కించాం. మంచం కిర్రుమంది. మెల్లగా అడుగుల చప్పుడు, ఆ తర్వాత టక్కుమని పొయ్యి ఆపిన చప్పుడు.

ఆ మాంసం పొద్దుగూకినా ఉడకలేదు. ఆవిడ ఆపుతూనే ఉన్నారు, నేను వెలిగిస్తూనే ఉన్నాను.